ఓటు ఊళ్లో, మనిషి చేలో



ఉద్యోగ విరమణ అయ్యాక ఉన్న ఇల్లు అమ్మేసి, పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ అమర్చిన పెద్ద బండి ఒకటి కొనుక్కుని, ఏడాది పొడవునా అందులోనే తిరుగుతూ కాలం గడిపే భార్యాభర్తలు అమెరికాలో చాలామంది ఉన్నారు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు ఆ బళ్ల గురించి ఇష్టంగా చెబుతుంటారు. ఎన్నికలు దగ్గర పడేసరికి ఆ జీవితంలో ఒక చిక్కు బయటపడుతుంది. ఓటు చిరునామాకు ముడిపడి ఉంటుంది. ఇల్లే చక్రాల మీద ఉన్నప్పుడు ఓటు ఏ ఊరిది? టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ అనే చిన్న పట్టణంలో ఇలాంటి సంచారుల క్లబ్బు ఒకటి ఉంది. వేలాదిమంది ఉత్తరాలు ఆ క్లబ్బు చిరునామాకే వస్తాయి. సౌత్ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపితే డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు, అందుకని ఎందరో ఆ రాష్ట్రాన్ని తమ ఊరుగా రాయించుకున్నారు. బ్యాలెట్ టపాలో తెప్పించుకుని, ఎక్కడుంటే అక్కడినుంచి ఓటు పంపుతారు. ఊళ్లో ఉండనివాళ్లు మా ఎన్నికను ఎలా తేలుస్తారని స్థానికులు అభ్యంతరం చెప్పారు. చివరికి సౌత్ డకోటా 2023లో ఓటరుగా నమోదు కావాలంటే ముప్పై రోజులైనా అక్కడ ఉండాలని చట్టం తెచ్చింది. అక్కడ ఈ తగువు ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ ప్రశ్నను నేను బస్తర్‌కు తీసుకువస్తున్నాను. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, ఇంద్రావతికి ఇవతల, గోదావరికి అవతల ఉన్న ఆ అడవి జిల్లాల్లో ఇంటిని వెంటబెట్టుకుని తిరిగే భార్యాభర్తలు వేలమంది ఉన్నారు. వాళ్ల ఇంటికి చక్రాలుండవు. ఒక టార్పాలిన్ పట్టా, ఒక అల్యూమినియం గిన్నె, బియ్యం మూట, కొడవలి, చంటిపిల్లకు ఉయ్యాల కట్టే పాత చీర, ఇంతే ఇల్లు. సంక్రాంతి వెళ్లగానే బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుంచి వాళ్లు మన మిరపచేలకు వస్తారు. కొందరు భోపాలపట్నం, తార్లగూడ దాటి వెంకటాపురం, వాజేడు, ఏటూరునాగారం వైపు దిగుతారు. మరికొందరు కోంట మీదుగా చింతూరు, భద్రాచలం చేరతారు. పామేడు వైపువాళ్లు నేరుగా చర్లకు నడిచి వస్తారు. కాయ ఏరడం అయ్యేదాకా ఉండి, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తునికాకు కోత నాటికి తిరిగి ఊరు చేరతారు. నా వాదన వీళ్ల గురించే. మనిషి పేరును ఊళ్లోని జాబితాలో రాసిపెట్టినంత మాత్రాన అతనికి ఓటు ఇచ్చినట్టు కాదు. పోలింగ్ రోజున అతను న్యాయంగా ఎక్కడ పనిలో ఉంటాడో అక్కడికి ఓటు పెట్టె వెళ్లాలి. బస్తర్ విషయంలో ఈ పనిని కొత్త యంత్రం ఏదీ కనిపెట్టకుండానే చేయవచ్చు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, ఒక నియోజకవర్గంలో మామూలుగా నివసించేవాడికే అక్కడ ఓటు అంటుంది. ‘మామూలుగా నివసించడం’ అంటే ఏమిటో ఇరవయ్యో సెక్షన్ కొంత విడమరిచింది. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరివాడు అయిపోడు. అలాగే కొంతకాలం ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ ఊరివాడు కాకుండా పోడు. ఈ రెండో మాట మిరప కూలీకి ఎంతో విలువైనది. మూడు నెలలు చర్ల మండలంలో ఉన్నా అతను బీజాపూర్ ఓటరే. ఆ మూడు నెలల కారణంతో అతని పేరు కొట్టేసే అధికారం ఎవరికీ లేదు. అయితే చట్టం కాపాడింది పేరును మాత్రమే. ఏప్రిల్ నెలలో పేరు ఊళ్లోని బడిగోడకు అంటించిన జాబితాలో ఉంటుంది, మనిషి రెండు వందల కిలోమీటర్ల దూరాన మిరప సాలులో వంగి ఉంటాడు. ఆ రెండింటినీ కలిపే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనబడదు.

ఏప్రిల్ అని ఎందుకు అంటున్నానో క్యాలెండర్ తీస్తే తెలుస్తుంది. బస్తర్ లోక్‌సభ స్థానానికి 2009లో ఏప్రిల్ 16న పోలింగ్ జరిగింది. 2014లో ఏప్రిల్ 10న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో ఏప్రిల్ 19న జరిగింది. నాలుగుసార్లూ మిరప ఏరే రోజుల్లోనే. తేదీలు ఖాయం చేసేటప్పుడు ఎన్నికల సంఘం పరీక్షలు చూస్తుంది, పండుగలు చూస్తుంది, వానలు చూస్తుంది, బలగాల రాకపోకలు చూస్తుంది. అవన్నీ చూడవలసినవే. కానీ ఒక ప్రాంతపు పేదల్లో పెద్ద భాగం ఏ నెలలో ఊళ్లో ఉండరో అన్నది ఆ లెక్కలోకి ఎన్నడూ వచ్చినట్టు కనబడదు. తేదీ మారిస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదు. మార్చి, ఏప్రిల్‌లలో ఊళ్లో మిగిలినవాళ్లకు ఇప్పపువ్వు ఏరుకునే పని, మేలో తునికాకు, వాన పడ్డాక దుక్కి. అడవి బతుకులో ఖాళీ నెల లేదు. కాబట్టి తేదీని కాక చోటును గురించి ఆలోచించాలి.

ఆ చోటును ఒకసారి దగ్గరగా చూడండి. చేను గట్టున నాలుగు కర్రలు పాతి పట్టా కప్పితే ఇల్లు. మూడు రాళ్ల పొయ్యి. పొద్దు పొడవకముందే సాలులోకి దిగాలి, ఎండెక్కితే మిరపఘాటుకు ఊపిరాడదు. ఏరిన కాయ గంపలోంచి గోతాంలోకి, గోతాం కాటా మీదికి. కొన్నిచోట్ల దినకూలి, కొన్నిచోట్ల తూకాన్ని బట్టి డబ్బు, కొన్నిచోట్ల కాయే కూలి. కల్లంలో ఎరుపు ఆరిపోతుంటే ఆడవాళ్లు కూర్చుని తాలుకాయ ఏరతారు. చేతులకు పట్టిన మంట సబ్బుతో కూడా పోదు. ఉయ్యాల్లో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోవాలంటే ముందు మోచేతిదాకా కడుక్కోవాలి, లేకపోతే ఆ మంట పిల్ల ఒంటికి అంటుతుంది. ఒక చేను అయిపోతే పట్టా చుట్టి, కర్రలు పీకి, పక్క ఊరి చేనుకు. మూడు నెలల్లో ఆ ఇల్లు నాలుగైదు చోట్ల నిలబడుతుంది, కూలుతుంది. ఈ మనిషిని శుక్రవారం పోలింగ్, వెళ్లి ఓటు వేసి రా అంటే ఏమిటో లెక్క వేయండి. గురువారం పని మాని బయలుదేరాలి. ఆటో, బస్సు, ఆ తర్వాత నడక. శనివారం తిరుగు ప్రయాణం. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ మూడేసి రోజుల కూలి, రానూ పోనూ చార్జీలు పోతాయి. పైగా తిరిగొచ్చేసరికి ఆ చేనులో ఇంకో ముఠా దిగి ఉండవచ్చు. పోలింగ్ రోజు కూలి కోయకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది, దినకూలీలకూ వర్తిస్తుంది. కానీ మిరపచేలో ఆ సెక్షన్ పేరు విన్నవాళ్లు ఎందరు? విన్నా, అది ఇచ్చేది ఒక్క రోజు. ఒక్క రోజులో చర్ల నుంచి బీజాపూర్ అడవిలోని ఊరికి వెళ్లి తిరిగి రాలేరు.

ఆ దారి ఎంత దూరమో దేశానికి ఒకసారి తెలిసింది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరపచేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా పది పదిహేను కిలోమీటర్లు ఉందనగా పన్నెండేళ్ల గిరిజన బాలిక ఒకతె ప్రాణం విడిచింది. ఆ మరణానికి ఎన్నికతో సంబంధం లేదు. కానీ ‘వెళ్లి ఓటు వేసి రావచ్చుగా’ అని తేలిగ్గా అనేవాళ్లు ఆ నడకను మరచిపోకూడదు. ఊరు చేరాక కూడా కథ అయిపోదు. 2024లో భద్రత కోసం బస్తర్ స్థానంలో రెండు వందలకు మించి పోలింగ్ కేంద్రాలను వాటి అసలు ఊళ్లలోంచి వేరే చోటికి మార్చారు. అంటే ఊరికి వచ్చిన మనిషి మళ్లీ వాగులు దాటి ఇంకో ఊరికి నడవాలి. అదే ఎన్నికలో ఒక మంచి పనీ జరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక లోక్‌సభ ఎన్నికకు మొదటిసారిగా ఎన్నో గ్రామాలవాళ్లు తమ ఊళ్లోనే పెట్టిన కేంద్రంలో ఓటు వేశారు. పోలింగ్ సిబ్బందిని హెలికాప్టర్లలో దింపారు. ఓటరు దగ్గరికి పెట్టె వెళ్లవచ్చన్న సూత్రాన్ని ప్రభుత్వం తానే నిరూపించింది. ఆ సూత్రం గోదావరి ఒడ్డు వరకు ఎందుకు రాకూడదన్నదే నా ప్రశ్న.

బస్తర్‌లో ఓటింగ్ తగ్గడానికి కారణం భయమే కదా, వలసను ఎందుకు ముందుకు తెస్తున్నారని అడగవచ్చు. భయం నిజం. 2013 మే 25న ఝీరం ఘాటీలో కాంగ్రెస్ యాత్రపై మావోయిస్టుల దాడి, 2019 ఏప్రిల్ 9న, పోలింగ్‌కు రెండు రోజుల ముందు, దంతెవాడ ఎమ్మెల్యే భీమా మండావీ హత్య, 2024లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు కాంకేర్ జిల్లాలో 29 మంది మావోయిస్టులు చనిపోయిన ఎదురుకాల్పులు, ఇవన్నీ ఎన్నికలకు ముందు కాలంలోనే జరిగాయి. వేలిమీద సిరా గుర్తు లేకుండా ఓటు వేయనివ్వమని అడిగిన ఊళ్లు ఉన్నాయి. మిగతా దేశంలో ఆ గుర్తును ఫొటో తీసి అందరికీ చూపించుకుంటారు, ఇక్కడ అదే గుర్తును మట్టిలో రుద్ది మాపుకోవాలని చూశారు. 2024లో బస్తర్ స్థానం మొత్తం మీద పోలింగ్ 68 శాతం దాటినా, బీజాపూర్ సెగ్మెంటులో సగం మంది కూడా వేయలేదు. ఇందులో భయానికి పెద్ద వాటా ఉంది. కానీ ఇంకో సంగతి గమనించాలి. మిరప కూలీలు ఎక్కువగా వచ్చేది కూడా ఆ బీజాపూర్, కోంటల నుంచే. భయం ఉన్న ఊళ్లూ, నీళ్లూ పనీ లేని ఊళ్లూ ఒకటే. భయం ఇప్పుడు తగ్గుతోంది. 2025లో నారాయణ్‌పూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి చనిపోయాడు, అక్టోబరులో జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా ఒకేసారి ఆయుధాలు అప్పగించారు. తుపాకి మోత ఆగినా మిరప పండుతూనే ఉంటుంది, కూలీ రావలసే ఉంటుంది. భయం పోయాక కూడా మిగిలే అడ్డంకి ఇదే కాబట్టి దీని గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఇక్కడ ఉద్యోగ విరమణ చేసిన దంపతుల దగ్గరికి ఒకసారి వెనక్కి రావాలి. అలాంటివాళ్లు బస్తర్ నుంచీ ఉన్నారు, చాలామంది తెలుగువాళ్లే. బైలాడిలా కొండల కింద కిరందుల్, బచేలి అనే రెండు గని పట్టణాలున్నాయి. 1968లో అక్కడ ఇనుప గనిని తెరిచిన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది, ఖనిజం కొత్తవలస రైలుమార్గం మీద విశాఖపట్నం చేరుతుంది. ఆ దారినే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వెళ్లి అక్కడ ఉద్యోగాలు చేశాయి. అరవై ఏళ్లు నిండిన రోజున కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. సొంత ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు సరే. కట్టుకోనివాళ్లు, కట్టుకున్నా ఒంటరిగా ఉండలేనివాళ్లు పిల్లల ఇళ్ల మధ్య తిరుగుతుంటారు. నాలుగు నెలలు హైదరాబాదులో కొడుకు దగ్గర, నాలుగు నెలలు బెంగళూరులో కూతురు దగ్గర, వీసా ఉంటే మిగతా నెలలు అమెరికాలో. రెండు సూట్‌కేసులు, మందుల డబ్బా, బీపీ మిషను వెంట ఉంటాయి. పాత చిరునామాలో వాళ్లు లేరు కాబట్టి అక్కడ పేరు తీసేస్తారు. కొత్త చిరునామా నిలకడగా లేదు కాబట్టి ఫారం నింపడానికి వాళ్లే వెనకాడతారు. ఎనభై అయిదేళ్లు దాటినవాళ్లకు 2024లో ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం దేశమంతటా ఇచ్చారు, మెచ్చుకోవలసిన పని. కానీ ఆ ఇల్లు పేరున్న నియోజకవర్గంలోనే ఉండాలి. వయసు మీదపడ్డ కొద్దీ మనిషి పిల్లల దగ్గరికి జరుగుతాడు, సౌకర్యం మాత్రం పాత గడప దగ్గరే ఆగిపోయింది.

ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టను. పింఛనున్న దంపతులు రైలు టిక్కెట్టు కొనుక్కోగలరు, ఫారం 8 ఆన్‌లైన్‌లో నింపగలరు, మనవడు సాయం చేస్తాడు. మిరప కూలీకి చదువు లేదు, మాట్లాడే కోయ, దోర్ల, గోండి భాషల్లో ఫారాలు లేవు, మూడు రోజులు మానితే తిండికి కరువు. ముందు ఎవరికి చేయాలి అంటే నా జవాబు చేలో ఉన్నవాళ్లకే. కానీ ఇద్దరికీ అడ్డం పడుతున్న ఆలోచన ఒకటే. మనిషి అంటే ఒక ఇంట్లో కదలకుండా ఉండేవాడు, తలుపు తడితే పలికేవాడు, అన్న ఊహ మీద జాబితా తయారవుతోంది. 2025 నవంబరు 4న మొదలైన ఓటరు జాబితాల ప్రత్యేక సవరణలో ఛత్తీస్‌గఢ్ కూడా చేరింది. ముసాయిదా జాబితాలో రాష్ట్రం మొత్తం మీద సుమారు 27 లక్షల పేర్లు తగ్గాయి. అందులో చనిపోయినవారికంటే ఊరు మారినవారు, చిరునామాలో దొరకనివారే చాలా ఎక్కువ. చనిపోయినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు తీసేయడం న్యాయమే. దొరకనివాళ్ల సంగతి వేరు. దొరకకపోవడం నేరం కాదు. కొన్ని ఊళ్లలో ఏడాదిలో మూడు నెలలు దొరకకపోవడమే బతుకు తీరు. తలుపు తట్టడానికి వచ్చిన అధికారి ఏ నెలలో వచ్చాడన్న దాని మీద ఒక మనిషి పౌరసత్వపు తొలి గుర్తు ఆధారపడకూడదు.

ఊరు శాశ్వతంగా విడిచినవాళ్ల సంగతి ఇంకా బరువైనది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేల కుటుంబాలు ఇటు దాటి ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లోనూ, చింతూరు వైపు అడవుల్లోనూ గూడేలు కట్టుకున్నాయి. మనం వాళ్లను గుత్తికోయలంటాం. సుప్రీంకోర్టు 2011 జులై 5న సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, కానీ ఆ తీర్పు కాలిన ఊళ్లను తిరిగి నిలబెట్టలేదు. కొందరికి ఇటువైపు ఓటరు కార్డులు వచ్చాయి, గిరిజనులని చెప్పే ధ్రువపత్రం మాత్రం దొరకలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ ప్రత్యేక సవరణకు ఆధారంగా తీసుకున్నది 2003 జాబితా. అంటే ఊళ్లు చెదరక ముందటిది. ఆ జాబితాలో వాళ్ల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇప్పుడు గుడిసె కూడా లేని ఊళ్ల పేర్లతో సహా ఉండి ఉండాలి. వాళ్లు అక్కడివాళ్లేనని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? ఆ కాగితాన్ని పేరు కొట్టేయడానికి కాక, తప్పిపోయిన మనిషిని వెతకడానికి వాడవచ్చు. దానికి రెండు రాష్ట్రాల అధికారులు ఒక గూడెంలో కలిసి కూర్చోవాలి.

ఇదంతా వినడానికి బాగుంది, చేయడం సాధ్యమా అంటారు. చేసిన ఉదాహరణలు ఈ దేశంలోనే ఉన్నాయి. సైనికుడు ఊళ్లో లేకపోయినా ఊళ్లో ఉన్నట్టే లెక్క అని ఆ ఇరవయ్యో సెక్షనే చెబుతుంది, అతనికి బ్యాలెట్ వెళుతుంది. కశ్మీర్ లోయ విడిచిన పండిట్ల కోసం జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీలలో ప్రత్యేక కేంద్రాలు పెడుతున్నారు. మిజోరం నుంచి త్రిపురకు తరలిపోయిన బ్రూ గిరిజనుల కోసం 2018 అసెంబ్లీ ఎన్నికలో రాష్ట్ర సరిహద్దులోని కాన్హ్‌మున్ గ్రామంలో కేంద్రాలు తెరిచారు. 2024లో మణిపూర్ నిర్వాసితుల కోసం 94 ప్రత్యేక కేంద్రాలు పెట్టారు. బస్తర్ ఓటు వేసిన ఏప్రిల్ 19నే అరుణాచల్‌లోని మలోగాం అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం సిబ్బంది కొండలెక్కి వెళ్లారు. ఒక్క మనిషి ఓటును అంత గౌరవించిన వ్యవస్థ మనది. వేలమంది ఒకేచోట, తారురోడ్డు పక్కన, సెల్‌ఫోన్ సిగ్నలున్న మండలాల్లో ఉంటే చేరలేకపోవడానికి దూరం కారణం కాదు.

వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ఒక యంత్రాన్ని ప్రతిపాదించింది. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓటర్లు తమ తమ చోట్లకు ఓటు వేయవచ్చన్నది ఆలోచన. 2023 జనవరి 16న పార్టీలను పిలిచారు. వలస ఓటరు అంటే ఎవరు, గుర్తించేది ఎలా, ఏజెంట్లు ఎక్కడ కూర్చోవాలి అని పార్టీలు అడ్డుపడ్డాయి. అవి న్యాయమైన ప్రశ్నలే. ముంబయిలోనో సూరత్‌లోనో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు ఒకే బూత్ పెట్టడం నిజంగా చిక్కుపని. కానీ మిరపచేల సంగతి అలాంటిది కాదు. కోంట, బీజాపూర్, దంతెవాడ, చిత్రకోట్ సహా ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లు కలిసి ఒకే లోక్‌సభ స్థానం. లోక్‌సభ ఎన్నికకు ఈ ఎనిమిదింట ఎక్కడివాడైనా అభ్యర్థుల పట్టిక ఒకటే. చర్లలో, వెంకటాపురంలో, ఏటూరునాగారంలో, చింతూరులో ఒక్కో కేంద్రం పెట్టి, మామూలు యంత్రమే ఉంచి, జగదల్‌పూర్ లెక్కింపు కేంద్రానికి చేరిస్తే చాలు. డెబ్బై రెండు పట్టికల యంత్రం అవసరం లేదు. అసెంబ్లీ ఎన్నికకు ఈ సులువు దొరకదు. 2023లో అది నవంబరు 7న, ఇంకా మిరప పండని రోజుల్లో జరిగింది. కాబట్టి ముందు లోక్‌సభతో మొదలుపెట్టవచ్చు.

దొంగ ఓట్ల మాట ఏమిటి? రెండుచోట్లా వేస్తారేమో అన్నది సరైన అనుమానమే. సొంత నియోజకవర్గంలోనే ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులకు ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. ముందుగా ధ్రువపత్రం ఇస్తారు, సొంత బూత్ జాబితాలో ఆ పేరు ఎదురుగా గుర్తు పెడతారు, ఆ తర్వాత అక్కడ అతనికి ఓటు ఉండదు, పనిచేస్తున్న బూత్‌లో వేస్తాడు. అదే పద్ధతి కూలీకి సరిపోతుంది. జనవరి చివర్లో ఒకసారి, మార్చిలో ఒకసారి చేలల్లో పేర్లు రాసుకుని, ఫొటో సరిచూసి, బీజాపూర్ జాబితాలో గుర్తు పెట్టడమే పని. రెండు వైపులా పార్టీల ఏజెంట్లు కూర్చోవచ్చు. 2024లో బస్తర్ పోలింగ్ ఏప్రిల్ 19న, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న జరిగాయి, అంటే ఇక్కడి సిబ్బందికి ఆ రోజు వేరే పోలింగ్ లేదు. 2019లో మాత్రం ఇరువైపులా ఒకే రోజు పడింది. అలాంటప్పుడు పని బరువెక్కుతుంది, అంతేగాని అసాధ్యమైపోదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఇంకొకటి ఉంది. చేనుగల ఆసామీ, తీసుకొచ్చిన మేస్త్రీ కలిసి ఈ కూలీల ఓట్లను గుత్తగా మళ్లించరా? ఊళ్లో పెద్దల ఒత్తిడి ఎలాగూ ఉంది, ఇక్కడ కూలి ఇచ్చేవాడి ఒత్తిడి తోడవుతుంది కదా? ఈ మాటను తోసిపుచ్చలేను. కానీ ఒకటి చూడండి. మన రైతుకు బస్తర్ ఎంపీ ఎవరైతే ఏమిటి? అతని ఆసక్తి హైదరాబాదులోనో అమరావతిలోనో ఉంటుంది. మేస్త్రీకి ఉండవచ్చు, అందుకే కేంద్రం చేను దగ్గర కాక మండల కేంద్రంలోని బడిలో ఉండాలి, నాలుగైదు మండలాల కూలీలు ఒకే పెట్టెలో వేయాలి, అప్పుడు ఏ ముఠా ఎటు వేసిందో ఎవరూ పసిగట్టలేరు. ఇంకా చెప్పాలంటే, పాతికమంది ఓటర్లున్న అడవి ఊళ్లో ఎవరు బూత్‌కు వెళ్లారో ఊరంతటికీ తెలుస్తుంది. వేలమందిలో ఒకడిగా చర్ల బడిలో నిలబడ్డప్పుడు ఆ జంకు తక్కువ. సిరా గుర్తుతో ఊరికి ఎలా వెళతారంటే, వాళ్లు వెళ్లేది ఇంకో రెండు మూడు వారాలకు. అప్పటికి గోటిమీద జాడ మిగిలినా, చర్మం మీది గుర్తు చాలావరకు వెలిసి ఉంటుంది.

ఊళ్లో ఉండనివాడు ఊరి భవిష్యత్తు తేల్చడం ఏమిటన్న సౌత్ డకోటా ప్రశ్న ఇక్కడా వినిపిస్తుంది. తిరుగుడు బండి దంపతుల విషయంలో ఆ ప్రశ్నకు బలం ఉంది. వాళ్లలో చాలామంది ఆ ఊరిని పన్నుల కోసమో సౌకర్యం కోసమో ఎంచుకున్నారు, అక్కడి బడి, ఆస్పత్రి వాళ్లకు అక్కరలేదు. మిరప కూలీ అలా కాదు. ఊళ్లో పని ఉంటే అతను రాడు. చెరువు తవ్వితే, రోడ్డు వేస్తే, ఉపాధి హామీ డబ్బు వేళకు ఇస్తే, తునికాకుకు సరైన ధర కడితే ఆ ఏడాది అతను ఊళ్లోనే ఉంటాడేమో. తన ఊరి పాలన మీద అందరికంటే గట్టి ఫిర్యాదు ఉన్నది అతనికే, ఆ ఫిర్యాదు నమోదు చేసుకునే రోజున అందుబాటులో లేనిదీ అతనే. 2019లో బస్తర్ స్థానంలో గెలుపోటముల తేడా 39 వేల లోపు. ఊరు విడిచి రావలసిన అవసరాన్నే ఎన్నికల అంశం చేయగలిగినవాళ్లు జాబితాలో పేర్లుగా మాత్రమే మిగిలితే, వలస గురించి మాట్లాడవలసిన అవసరం ఏ అభ్యర్థికీ ఉండదు. ప్రచార వాహనం ఏప్రిల్‌లో ఆ ఊళ్లకు వెళుతుంది. వినేవాళ్లలో ముసలివాళ్లు, పిల్లలు ఎక్కువ.

వచ్చే లోక్‌సభ ఎన్నిక 2029లో. ఈసారీ పాత లెక్కే అయితే ఏప్రిల్‌లో పడుతుంది. ఆలోపు రెండు మూడు పంటకాలాలు ఉన్నాయి. ఈ పని ఢిల్లీలో మొదలుకానవసరం లేదు. సంక్రాంతి వెళ్లిన రెండో వారంలో, వెంకటాపురం మండలంలో ఏదో ఒక చేను గట్టుకు, ఇటు ములుగు జిల్లా బూత్ అధికారి ఒకరు, అటు బీజాపూర్ నుంచి కోయ తెలిసిన అధికారి ఒకరు, చేతిలో 2003 జాబితా, కొత్త జాబితా పట్టుకుని కలిసి వెళ్లాలి. పగలు వెళితే ఎవరూ దొరకరు, అందరూ సాలులో ఉంటారు. పొద్దుగూకాక వెళ్లాలి, పొయ్యిమీద గిన్నె ఎక్కిన వేళకు.